మీ యాప్‌లో తెలుగు హల్లులు చెదరకుండా ఉండాలంటే

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఆనాటి మిర్చి, పత్తి ధరలు చూపించే చిన్న యాప్ ఒకటి మీరు తయారు చేస్తున్నారనుకుందాం. అందులో రైతు పేరు, ఊరు, సరుకు, ధర ఉంటాయి, అంతే. ఇంగ్లిష్‌లో అంతా సవ్యంగా నడుస్తుంది. తెలుగు పెట్టగానే శ్రీనివాస్ పేరు పక్కన ఉండే గుండ్రటి గుర్తులో ‘శ’ ఒక్కటే కనిపిస్తుంది. వర్ధన్నపేట కాస్తా ‘వర్ధన్…’ అని తెగిపోతుంది. స్టేషన్ ఘన్‌పూర్ ‘ఘన్పూర్’ అయి, నకారం కింద పకారం వత్తుగా చేరుతుంది. చూడటానికి ఇవి మూడు వేర్వేరు లోపాలు. మూలం మాత్రం ఒకటే: యంత్రం హల్లును దాచుకునే తీరు వేరు, మనం అక్షరాన్ని చదివే తీరు వేరు. ఆ తేడా ఎక్కడెక్కడ బయటపడుతుందో, ఏ దశలో ఏం చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఒక మాట ముందే చెప్పాలి. యాప్ అంతా ఇంగ్లిష్‌లో పూర్తి చేసి చివర్లో తెలుగును అతికించే పద్ధతి మానుకోండి. మొదటి రోజు నుంచీ మీ పరీక్ష డేటాలో అసలైన ఊళ్ల పేర్లు, అసలైన సరుకుల పేర్లు ఉండాలి. ధర చూసుకుని బండి కట్టాలో వద్దో తేల్చుకునే రైతు చదివేది తెలుగే.

మొదట హల్లు లోపల ఏముందో చూడండి

ప్రపంచ లిపుల్లోని ఒక్కో అక్షరానికీ గుర్తుకూ ఒక సంఖ్య, అంటే కోడ్, ఇచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ఈ వ్యాసంలో కోడ్‌లన్నీ దశాంశ సంఖ్యల్లోనే ఇస్తున్నాను. హల్లులు 3093 దగ్గర ‘క’తో మొదలై 3129 దగ్గర ‘హ’తో ముగుస్తాయి. ‘క’ అనే కోడ్‌లో అకారం కలిసే ఉంటుంది. ఆ అకారాన్ని తీసేసేది 3149వ కోడ్, అంటే పొల్లు. పొల్లు తర్వాత వెంటనే ఇంకో హల్లు వస్తే అది వత్తుగా మారుతుంది. వత్తులకు విడిగా కోడ్‌లు లేవు. క్షకారానికి కూడా సొంత కోడ్ లేదు: అది క, పొల్లు, ష అనే మూడు కోడ్‌ల వరుస.

మార్కెట్‌లో అందరూ వాడే ‘క్వింటాల్’ తీసుకోండి. యంత్రంలో అది క, పొల్లు, వ, గుడి, సున్న, ట, దీర్ఘం, ల, పొల్లు అని తొమ్మిది కోడ్‌లుగా ఉంటుంది. గుడి కోడ్ వకారం తర్వాత ఉన్నా తెరమీద అది కకారం నెత్తిన కూర్చుంటుంది, వకారం కిందికి దిగి వత్తవుతుంది. ఈ సర్దుబాటు చేసేది ఫాంటు, దానితో కలిసి పనిచేసే షేపింగ్ ఇంజిన్. అందుకే తెరమీది రూపాన్ని చూసి లోపలి వరుసను ఊహించకండి. అనుమానం వచ్చినప్పుడల్లా మాటను కోడ్‌లుగా విడగొట్టి ముద్రించుకోండి. చాలా చిక్కుముళ్లు అక్కడే విడిపోతాయి.

హల్లుల వరుసలో 3113 ఖాళీగా ఉంటుంది. భారతీయ లిపుల పట్టికలను యూనికోడ్ మన ఇస్కీ అనే పాత కోడ్‌ల ప్రమాణం ఆధారంగా ఒకే అమరికలో పేర్చింది. ఆ స్థానంలో తమిళానికి ఇంకో నకారం ఉంది, మనకు లేదు. అదే అమరిక వల్ల హిందీ ‘క’ 2325 అయితే తెలుగు ‘క’ సరిగ్గా 768 ఎక్కువ. మరాఠీ, హిందీ పేర్లు ఎక్కువగా కలిసే ఆదిలాబాద్ వైపు డేటాలో నాగరి హల్లులను తెలుగులోకి మార్చడానికి ఈ కూడిక బాగా పనికొస్తుంది. అయితే ఎ, ఒ హ్రస్వాలు హిందీ రాతలో ఉండవు కాబట్టి అచ్చుల దగ్గర మాత్రం మనిషి చూసి సరిదిద్దాలి.

డేటా లోపలికి వచ్చేచోట శుభ్రం చేయండి

ఊళ్ల జాబితాలు, పాత రసీదులు మీకు డీటీపీ సెంటర్ల నుంచి వస్తే అవి యూనికోడ్‌లో ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లమీద తెలుగు ముక్కలు గీసి ఉంటాయి. వత్తు ఒక ముక్క, తలకట్టు ఇంకో ముక్క, అవి కూడా కంటికి కనిపించే క్రమంలో. ఫాంటు మార్చగానే అంతా ఇంగ్లిష్ గజిబిజిగా మారితే అది పాత పద్ధతి డేటా అన్నమాట. దాన్ని మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చాక వత్తులున్న మాటలన్నిటినీ ఒకసారి కంటితో చూడాలి. పొరపాట్లు ఎక్కువగా దాక్కునేది అక్కడే.

తర్వాత ప్రతి పాఠాన్నీ ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ఏకరూపంలోకి మార్చి దాచండి. తెలుగులో దీని అవసరం ఒకే ఒక్క గుర్తుకు పడుతుంది. ఐత్వం 3144 అనే ఒకే కోడ్‌గా రావచ్చు, 3142, 3158 అనే రెండు కోడ్‌లుగానూ రావచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి మాత్రం వేరు. మార్పు చిన్నదే కానీ చేయకపోతే ‘మైలారం’ అని వెతికినవారికి ‘మైలారం’ దొరకదు.

డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే పాత ‘యూటీఎఫ్8’ (కోడ్‌లను బైట్లుగా దాచే పద్ధతి) వద్దు, ‘యూటీఎఫ్8ఎంబీ4’ పెట్టండి. తెలుగులో ఒక్కో కోడ్‌కు మూడు బైట్లు చాలు, కాబట్టి పాతదాంతోనూ పని జరిగినట్టే అనిపిస్తుంది. కానీ మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామం పేరుతో ఉన్న గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. దాని అక్షరాలకు తలా నాలుగు బైట్లు కావాలి. ఉత్తర తెలంగాణ కోసం చేసే యాప్ ఆ లిపిలో రాసిన పేరును తిప్పి పంపకూడదు.

ఏ లెక్క ఎక్కడ పనికొస్తుందో తేల్చుకోండి

మాట పొడవు ఎంత అని యంత్రాన్ని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. ‘క్వింటాల్’ యూటీఎఫ్-8లో 27 బైట్లు, కోడ్‌లు 9, అక్షరాలు మూడు: క్విం, టా, ల్. మూడూ నిజమే. ఎక్కడ ఏది వాడాలో తెలియకపోతేనే చిక్కు.

నిల్వ దగ్గర కొన్ని డేటాబేస్‌లు బైట్లు లెక్కిస్తాయి, కొన్ని కోడ్‌లు లెక్కిస్తాయి. ఒరాకిల్‌లో బైట్లో కోడ్‌లో చెప్పకుండా గడి పొడవు 20 అని పెడితే అది 20 బైట్లు. 18 బైట్ల ‘వరంగల్’ అందులో పడుతుంది, 24 బైట్ల ‘హనుమకొండ’ పట్టదు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో 20 అంటే 20 కోడ్‌లు. ఎస్ఎంఎస్ దగ్గర తెలుగు సందేశానికి 70 కోడ్‌ల హద్దు ఉంటుంది, దాటితే ముక్కకు 67 చొప్పున విడిపోతుంది. ఇంగ్లిష్ సందేశానికి 160 దొరుకుతాయి. రోజూ వేలమందికి ధరలు పంపేవారికి ఇది నేరుగా ఖర్చు. కాబట్టి ఆ సందేశంలో మర్యాదవాక్యాలు తగ్గించి సరుకు, ధర, తేదీ ఉంచండి.

మనిషి కంటికి సంబంధించిన ప్రతిచోటా, అంటే పేరు కుదించడం, మొదటి అక్షరం తీయడం, ‘ఇంకా ఇన్ని అక్షరాలు రాయవచ్చు’ అని చూపడం వంటివాటిలో, మూడో లెక్క ఒక్కటే సరైనది. హన్మకొండ, హనుమకొండ అనే రెండు రూపాలూ ఎనిమిదేసి కోడ్‌లే. కానీ మొదటిది నాలుగు అక్షరాలు, రెండోది ఐదు. కోడ్‌ల లెక్క ఈ తేడాను చూడలేదు.

అక్షరాలుగా విడగొట్టడం

ఈ పనికి సిద్ధంగా ఉన్న సాధనాలున్నాయి. జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్, జావాలో ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీలోని బ్రేక్ ఇటరేటర్, పైథాన్‌లో విడిగా పెట్టుకునే రెజెక్స్ లైబ్రరీ. వీటికి ఒక మెలిక ఉంది. యూనికోడ్ నియమాల ప్రకారం చాలాకాలం పాటు పొల్లు తర్వాత అక్షరం తెగిపోయేది. ‘క్ష’ను క్, ష అని రెండుగా చూసేవారు. 2023లో వచ్చిన 15.1 సంచికలో ఆ నియమం మారింది. అప్పటి నుంచి తెలుగు, నాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లో హల్లు, పొల్లు, హల్లు కలిసి ఒకే అక్షరంగా లెక్కకు వస్తాయి. రైతుల చేతుల్లో ఉండే పాత ఫోన్లలో పాత నియమమే నడుస్తుంటుంది. ఒకే మాటకు కొత్త ఫోన్‌లో ఐదు అక్షరాలు, పాత ఫోన్‌లో ఏడు అక్షరాలు వస్తాయి. వర్ధన్నపేటకు సరిగ్గా ఇదే జరుగుతుంది.

అందుకని సాధనం ఇచ్చిన ముక్కలను నేరుగా వాడకుండా, మీ వైపు నుంచి వాటిని కలిపే చిన్న ఫంక్షన్ ఒకటి చేర్చండి. ముక్కలను వరుసగా చూస్తూ వెళ్లండి. ఒక ముక్క చివరి కోడ్ 3149 అయి, తర్వాతి ముక్క మొదటి కోడ్ హల్లు అయితే రెండింటినీ కలిపేయండి. హల్లు అంటే 3093 నుంచి 3129 వరకు, వాటితోపాటు విడిగా ఉన్న ౘ, ౙ (3160, 3161). కలిపిన ముక్క చివర మళ్లీ పొల్లు ఉంటే అదే పని కొనసాగించండి. ‘స్త్రీ’లో రెండుసార్లు కలపాలి. కొత్త నియమం ఉన్న ఫోన్‌లో ఈ ఫంక్షన్‌కు చేయవలసిన పనే ఉండదు, పాతదాంట్లో అది లోటు తీరుస్తుంది. పది వరుసల్లో అయిపోయే ఈ పని దాదాపు ఏ తెలుగు యాప్‌లోనైనా ఉండాలి.

ఇది చేతికి వచ్చాక గుండ్రటి గుర్తులో శ్రీనివాస్‌కు ‘శ్రీ’, స్వప్నకు ‘స్వ’ వస్తాయి. పేరు కుదించేటప్పుడు కత్తెర ఎప్పుడూ అక్షరం అంచునే పడుతుంది. స్వప్న పేరును ‘స’ అని చూపించడం చిన్న విషయంలా తోస్తుందేమో. నా దృష్టిలో కాదు. మనిషి తన పేరు మొదటి అక్షరాన్ని బడిలో పలకమీద ఎలా దిద్దుకుందో తెరమీదా అలాగే కనిపించాలి.

కర్సర్, బ్యాక్‌స్పేస్ విషయంలో మాత్రం మీరు చేయి పెట్టకండి. కర్సర్ అక్షరం మొత్తాన్ని దాటాలి, కానీ బ్యాక్‌స్పేస్ చివర కొట్టిన గుర్తునే తీయాలి. ‘క్వి’లో గుడి తప్పు పడితే గుడి ఒక్కటే పోవాలి, వత్తుతో సహా అంతా పోకూడదు. ఫోన్‌లో ఉన్న మామూలు టైపింగ్ పెట్టె ఈ పనిని తనంతట తానే చేసుకుంటుంది. సొంతంగా టైపింగ్ పెట్టె తయారు చేసేవారే దీన్ని చెడగొడతారు.

పొల్లుతో ముగిసే ఊళ్లు, వాటి విభక్తులు

మన ప్రాంతంలో అసలు కష్టం ఇక్కడుంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్, మహబూబాబాద్, హుజూరాబాద్: ఉత్తర తెలంగాణలో ఎన్నో ఊళ్ల పేర్లు పొల్లుతో ముగుస్తాయి. యాప్‌లో ఊరి పేరు ఒక ఖాళీలో వచ్చి పడి, దాని వెనక ‘లో’, ‘కు’ అతుక్కుంటే ఏమవుతుందో చూడండి: కరీంనగర్లో, ఆదిలాబాద్లో, వరంగల్కు. పొల్లు పక్కన హల్లు పడింది కాబట్టి యంత్రం తన నియమం ప్రకారం వత్తు కట్టేసింది.

దీనికి మందు 8204వ కోడ్. దాని పేరు జీరో విడ్త్ నాన్‌జాయినర్. కంటికి కనిపించదు, చోటు తీసుకోదు, పొల్లును పక్క హల్లుతో కలవనివ్వదు. కరీంనగర్‌లో, ఆదిలాబాద్‌లో, ఘన్‌పూర్ అని చదవగలుగుతున్నామంటే నడుమ ఆ కోడ్ ఉండబట్టే. కాబట్టి విభక్తి చేర్చే పనిని ఒక్క ఫంక్షన్‌కే అప్పగించండి. పేరు 3149తో ముగిస్తే ముందు 8204 చేర్చి, ఆ తర్వాత విభక్తి పెట్టాలి. పేరు చివర గుడి, గుడిదీర్ఘం, ఐత్వం ఉంటే ‘కి’, ‘ని’, లేకపోతే ‘కు’, ‘ను’: భూపాలపల్లికి, జమ్మికుంటకు, హుజూరాబాద్‌కు. ఖాళీలో ఇంగ్లిష్ పేరు లేదా అంకె వచ్చే అవకాశం ఉంటే వాక్యాన్నే మార్చి ‘మార్కెట్: వరంగల్’ అని రాయండి. అది పొడిగా ఉన్నా తప్పుగా ఉండదు.

బహువచనం ఇంకా కఠినం. క్వింటాల్‌కు ‘లు’ చేరిస్తే లకారం మారి ‘క్వింటాళ్లు’ అవుతుంది. ఏ అతికింపు ఫంక్షనూ దీన్ని ఊహించలేదు. అందుకే ప్రతి మాటకూ ఏకవచన వాక్యం, బహువచన వాక్యం రెండూ పూర్తిగా రాసి ఉంచండి. ఐసీయూ సందేశాల పద్ధతిలో తెలుగుకు ఈ రెండు విభాగాలే ఉన్నాయి. ‘1 క్వింటాల్’, ‘5 క్వింటాళ్లు’ అని అనువాదకులు మొత్తం వాక్యం రాస్తారు, ప్రోగ్రామ్ ఎంచుకుంటుంది.

నాన్‌జాయినర్‌కు అక్కచెల్లెలి వంటి కోడ్ ఇంకొకటుంది, 8205, జాయినర్. ర, పొల్లు, జాయినర్, ఆపైన హల్లు అని పెడితే పాత పుస్తకాల్లోని వలపలగిలక (హల్లు పక్కన గిలకలా రాసే రకారం) వస్తుంది. ధరల యాప్‌కు దీనితో పని లేదు. కాకతీయుల శాసనపాఠాలను, పాత ముద్రణలను ఉన్నదున్నట్టు ఎక్కించేవారికి ఇది తెలిసి ఉండాలి.

ఈ కనిపించని కోడ్‌లను పరీక్షించకుండా వదలకండి. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, నాన్‌జాయినర్, దీర్ఘం అనే ఐదు కోడ్‌ల వరుస తెరమీదికి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. అంత పెద్ద వ్యవస్థలోనే తెలుగు వత్తు దగ్గర అలా జరిగిందంటే మన పరీక్షల్లో ఈ వరుసలు తప్పకుండా ఉండాలి.

పేరు సరిచూడటం, వెతకడం

‘పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి’ అనే నిబంధన చాలా ఫారాల్లో ఉంటుంది. యూనికోడ్ లెక్కలో హల్లు అక్షరం, కానీ పొల్లు, గుణింతపు గుర్తులు, సున్న అక్షరాలు కావు, గుర్తుల జాతి. పైథాన్‌లో ‘వరంగల్’ను పూర్తిగా అక్షరాలేనా అని అడిగితే కాదంటుంది. అక్కడి మామూలు రీ మాడ్యూల్ ‘మాట’ అనే నమూనాతో వెతికితే పొల్లు దగ్గర మాటను ముక్కలు చేస్తుంది. నిబంధనలో అక్షరాలతోపాటు గుర్తుల జాతినీ, 8204, 8205 కోడ్‌లనూ అనుమతించండి. సొంత ఊరి పేరు రాస్తే ‘చెల్లని పేరు’ అని ఎర్ర అక్షరాల్లో చూపించే ఫారం నాకు భరించరానిది.

వెతుకులాటకు దాచిన పేరునే వాడకండి, పక్కన ఒక వెతుకుడు రూపం తయారు చేసి ఉంచండి. అందులో 8204, 8205 తీసేయండి, ఖాళీలు తీసేయండి. అప్పుడు ఘన్‌పూర్, ఘన్పూర్, ఘన్ పూర్ మూడూ ఒకటవుతాయి. చాలామందికి ఫోన్ కీబోర్డులో నాన్‌జాయినర్ ఎక్కడుందో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ళ్ళ, ళ్ల రెండూ వాడుకలో ఉన్నాయి, వాటిని ఒకటిగా చేయండి. హల్లు ముందు వచ్చే ‘మ్’ను సున్నగా మార్చితే కరీమ్‌నగర్, కరీంనగర్ కలుస్తాయి. అయితే ‘మ్మ’ను వదిలేయండి, లేదంటే ఖమ్మం చెడిపోతుంది. పాతకాలపు నకారప్పొల్లుకు 2021లో విడి కోడ్ 3165 వచ్చింది. అది కనిపిస్తే మామూలు న, పొల్లుగా మార్చుకోండి. ఇక వరంగల్, ఓరుగల్లు వంటి జంటలను ఏ నియమమూ పట్టుకోలేదు. వాటికి చేతితో రాసిన మారుపేర్ల పట్టిక కావాలి. ఆ పట్టికను ఊళ్లు తెలిసినవారితో రాయించండి.

వరుస పెట్టడం

కోడ్‌ల క్రమంలో వరుస పెడితే తెలుగు మరీ చెడదు. పొల్లు కోడ్ గుణింతపు గుర్తుల తర్వాత ఉంది కాబట్టి ‘పతాకం’ తర్వాతే ‘పత్తి’ వస్తుంది, నిఘంటువుల్లో లాగే. తేడా ళకారం దగ్గర వస్తుంది. ఇస్కీ అమరిక వల్ల ర, ఱ, ల, ళ, వ అని వరుస ఉంటుంది, కనుక ‘కళ’ ‘కవి’ కన్నా ముందు పడుతుంది. బడిలో నేర్చుకున్న వరుసలో ళ హకారం తర్వాత. ౘ, ౙ అయితే కోడ్ క్రమంలో హకారం దాటి ఎక్కడో చివరికి పోతాయి. ఐసీయూ లైబ్రరీలో తెలుగు వరుసను ఎంచుకుని, అది ఇచ్చిన ఫలితాన్ని అన్ని తెరలమీదా ఒకేలా వాడండి. ఫోన్‌లో ఒక వరుస, సర్వర్‌లో ఇంకో వరుస ఉంటే జాబితా పేజీ మారినప్పుడు కొన్ని ఊళ్లు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు.

తెరమీద, కాగితంమీద

వత్తులకు కింద చోటు కావాలి. బటన్‌కు, పట్టిక గడికి ఎత్తును అంకెతో బిగించకండి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ రాసి వత్తుల కాళ్లు తెగకుండా ఉన్నాయో చూడండి. అక్షరాల మధ్య ఎడం పెంచే అలంకారాలు తెలుగుకు వద్దు. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును యాప్‌తోపాటే ఇస్తే ఫోన్‌ను బట్టి రూపం మారదు.

రసీదు పీడీఎఫ్‌లోనో, చిత్రంగానో ముద్రిస్తే షేపింగ్ లేని లైబ్రరీలు ‘పత్తి’ని ‘పత్‌తి’ అని పొల్లుతో వదిలేస్తాయి. ఫాంటు తప్పేమో అని ఫాంట్లు మారుస్తూ కూర్చుంటే ఫలితం ఉండదు. హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్ వాడే మార్గం ఎంచుకోండి. పైథాన్‌లో పిల్లోతో చిత్రాలు చేస్తుంటే దానికి రక్మ్ లైబ్రరీ తోడుండాలి. ఏదీ కుదరకపోతే రసీదును వెబ్ పేజీగా తయారు చేసి బ్రౌజర్‌తోనే పీడీఎఫ్ చేయించండి, వత్తులు సరిగ్గా వస్తాయి.

విడుదలకు ముందు

ఈ మాటలను ఒక ఫైలులో పెట్టి ప్రతి మార్పు తర్వాతా పరీక్ష నడపండి: క్వింటాల్, మొక్కజొన్న, మిర్చి, స్త్రీ, లక్ష్మి, వర్ధన్నపేట, జగిత్యాల, మంచిర్యాల, సిరిసిల్ల, స్టేషన్ ఘన్‌పూర్, ఆదిలాబాద్‌లో, జ్ఞానం. ఒక్కో మాటకు అక్షరాల సంఖ్యను ముందే చేతితో లెక్కించి పక్కన రాసుకోండి. ప్రోగ్రామ్ ఇచ్చే సంఖ్య దానికి సరిపోవాలి. ప్రతి మాటనూ ఒక అక్షరం, రెండు అక్షరాలు, మూడు అక్షరాల దగ్గర కుదించి చూడండి. తెగిన ముక్క చివర, పూర్తి మాటలో కంటికి కనిపించని పొల్లు కనిపిస్తే విడుదల ఆపండి. డేటాబేస్‌లోకి వెళ్లి తిరిగొచ్చిన మాట కోడ్‌కు కోడ్ సరిపోయిందో, నడుమ 8204 ఎక్కడైనా రాలిపోయిందో చూడండి. ఎక్సెల్ నుంచి ఎగుమతి, దిగుమతి చేసినప్పుడూ ఇదే చూసుకోవాలి. చివరిగా యాప్‌ను ఐదారేళ్ల నాటి ఒక చౌక ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎక్కించి, మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు చేతికిచ్చి అతని పేరు, ఊరు అతనినే టైపు చేయమనండి.